ఆకు పొరల మధ్య పెరూ పురుగు: టూటా రోజుల లెక్క

మార్చి మొదట్లో జడ్చర్ల, భూత్పూరు, దేవరకద్ర వైపు టమాట చేన్లలో కింది ఆకులు అక్కడక్కడ కాలినట్టు కనిపిస్తాయి. ఎండకు మాడిందనుకొని డ్రిప్పు ఇంకో గంట ఎక్కువ వదిలేవాళ్లున్నారు. ఆకుమచ్చ తెగులనుకొని మాంకోజెబ్ అనే తెగులు మందు కొట్టేవాళ్లున్నారు. రెండూ వృథా ఖర్చే. అలాంటి ఆకును ఒకటి తెంపి ఎండకేసి పట్టుకొని చూడండి. మాడిన చోట ఆకు రెండు పల్చటి పొరలుగా విడిపోయి ఉంటుంది. మధ్యలో ఉండాల్సిన పచ్చటి కండ ఉండదు. నూనె అంటిన కాగితంలోంచి చూసినట్టు వెలుతురు అవతలి నుంచి ఇవతలికి వస్తుంది. ఆ మచ్చలో ఒక మూలన నల్లటి పెంట కుప్పగా ఉంటుంది. దాని పక్కనే బియ్యపు గింజలో సగమంత నీడ ఒకటి మెల్లగా కదులుతుంది. అదే టూటా.

దుకాణాల్లో దీన్ని పిన్‌వార్మ్ అంటారు, కొందరు రైతులు ఊజీ అంటారు. ఊజీ అనేది అసలు పట్టుపురుగుల మీద పడే ఈగ పేరు. ఆ పేరు వల్ల ఇదీ ఈగేననుకొని, ఈగ మందులు కొట్టి డబ్బులు పోగొట్టుకుంటున్నారు. ఇది ఈగ కాదు. రాత్రిపూట తిరిగే చిన్న రెక్కల పురుగు. ఒళ్లు 5 నుంచి 7 మిల్లీమీటర్లు, రెక్కలు చాపితే సెంటీమీటరు. బూడిద రంగు మీద నల్లటి చుక్కలు. భూతద్దంలో చూస్తే మీసాలు పూసలు గుచ్చినట్టు నల్లగా, తెల్లగా పట్టీలు పట్టీలుగా ఉంటాయి. మూతి దగ్గర తడిమి చూసుకునే రెండు చిన్న కాడలు (పాల్పులు) కొమ్ముల్లా పైకి వంగి ఉంటాయి. దీని చుట్టాలు నల్లగొండ, మహబూబ్‌నగర్ వాళ్లకు కొత్తేం కాదు. పత్తికాయలో దూరే గులాబీ రంగు పురుగు, వడ్ల బస్తాల మీద లేచే గోధుమ రంగు చిన్న రెక్కల పురుగు, ఆలుగడ్డను తొలిచే పురుగు అన్నీ ఇదే జెలికియిడే కుటుంబంలోవి. దాక్కొని తినడం ఈ ఇంటి అలవాటు. గులాబీ రంగు పురుగు కాయలోకి పోయాక మందు తగలదని పత్తి రైతుకు బాగా తెలుసు. అదే తెలివి టమాటకూ పనికొస్తుంది.

దీనికి పేరు పెట్టింది ఎడ్వర్డ్ మేరిక్ అనే ఆంగ్లేయుడు. బడిలో చదువు చెప్పుకుంటూనే వేలాది చిన్న రెక్కల పురుగులకు పేర్లు పెట్టిన మనిషి. పెరూ దేశపు కొండల్లో, 3,200 మీటర్లకు పైన ఉన్న హువాంకాయో నుంచి వచ్చిన నమూనాను చూసి 1917లో ఫ్తోరిమియా అబ్సల్యూటా అని రాశారు. తర్వాత దీన్ని రెండు మూడు ప్రజాతుల్లోకి మార్చారు. 1994లో టూటా అయింది, 2021లో మళ్లీ మేరిక్ పెట్టిన ప్రజాతికే తెచ్చారు. అందుకే పాత పుస్తకాల్లో ఒక పేరు, కొత్త వ్యాసాల్లో ఇంకో పేరు ఉంటుంది, పురుగు మాత్రం ఒక్కటే. 1960ల దాకా దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ తర్వాత దక్షిణ అమెరికా టమాట తోటలన్నిటికీ పాకింది. 2006 చివర్లో స్పెయిన్‌లో కనిపించింది. 2014లో మహారాష్ట్రలో, అదే ఏడాది కర్ణాటకలో దొరికింది, అక్కడి నుంచి మన దాకా రావడానికి ఎంతోకాలం పట్టలేదు. టమాట చెట్టు పుట్టిల్లు కూడా ఆ ఆండీస్ కొండలే. చెట్టు కొన్ని వందల ఏళ్ల ముందు బయల్దేరితే, దాన్ని తినే పురుగు వెనకాల పండ్ల డబ్బాల్లో వచ్చింది. దాని వెంట రావాల్సిన శత్రు పురుగులు మాత్రం రాలేదు. ఇక్కడ ఇంత ఇబ్బంది పెట్టడానికి పెద్ద కారణం అదే.

ముందు ఇది టూటానే అని తేల్చుకోవాలి. టమాట ఆకు మీద తెల్లటి గీత పాములా మెలికలు తిరుగుతూ పోతే అది పాముపొడ ఈగ పని. ఆ గీతలో పెంట సన్నటి దారంలా వరుసగా ఉంటుంది. టూటా గీత గీయదు, మచ్చ పెడుతుంది. మొదటి రెండు రోజులు సన్నగా మొదలైనా, వెంటనే వెడల్పయి, గాలి ఊదిన బుడగలా ఉబ్బుతుంది. పెంట ఒక చోట కుప్పగా ఉంటుంది. కాయల దగ్గర పోలిక శనగపచ్చ పురుగుతో వస్తుంది. అది పెద్ద రంధ్రం చేసి, సగం ఒళ్లు బయట పెట్టుకొని తింటుంది. టూటా రంధ్రం గుండుసూది మొనంత. ఎక్కువగా తొడిమ కింద, పచ్చటి రేకులు కాయకు ఆనుకునే చోట ఉంటుంది. తొడిమ తీస్తే గానీ కనపడదు. అందుకే బాక్సుల్లో నింపేటప్పుడు మంచి కాయలే అనుకుంటాం, హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్‌కు పోయేసరికి ఆ సూది రంధ్రంలోంచి కుళ్లు మొదలై నీరు కారుతుంది, బాక్సు మొత్తం ధర పడిపోతుంది. చిగురులో దూరితే కొమ్మ కొన వంగి ఎండిపోతుంది. ఈ మూడు గుర్తులూ ఒకే చెట్టు మీద కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇక అసలు విషయానికి వస్తే, ఈ పురుగు మీద గెలుపోటములు మందు డబ్బా కంటే రోజుల లెక్క మీద ఎక్కువ ఆధారపడి ఉంటాయి. ఏ రోజు మందు కొట్టాలో, ఎన్ని రోజులకు మందు మార్చాలో, చేను ఎన్ని వారాలు ఖాళీగా ఉంచాలో అన్నీ ఆ లెక్కలోంచే వస్తాయి. లెక్క కూడా తేలికే. ఆ రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు కూడి సగం చెయ్యాలి. అందులోంచి 8 తీసెయ్యాలి, ఎందుకంటే 8 డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఈ పురుగు పెరగదు. మిగిలింది ఆ రోజు పురుగు ఖాతాలో జమ. గుడ్డు పెట్టిన నాటి నుంచి ఈ జమ సుమారు 460కి చేరిన రోజు కొత్త రెక్కల పురుగు బయటికొస్తుంది. అందులో గుడ్డుకు 104, ఆకులో తినే పురుగుకు 238, మట్టిలోనో ఎండుటాకులోనో పడుకునే కోశానికి 117 వరకు పడుతుంది.

మహబూబ్‌నగర్‌లో మార్చి మొదట్లో పగలు 35, రాత్రి 21 ఉన్నాయనుకుందాం. సగటు 28. అందులోంచి 8 పోతే 20. 460ని 20తో భాగిస్తే 23 రోజులు. అంటే గుడ్డు 5 రోజులు, ఆకులో 12 రోజులు, కోశంలో 6 రోజులు. అదే డిసెంబరులో పగలు 29, రాత్రి 15 అయితే సగటు 22, రోజుకు జమ 14, మొత్తం 33 రోజులు. గుడ్డుకే వారం దాటుతుంది, ఆకులో 17 రోజులు తింటుంది. నవంబరులో నాటి, మార్చి చివరి దాకా తెంపే యాసంగి టమాటలో ఒకదాని మీద ఒకటి నాలుగైదు తరాలు తిరిగిపోతాయి. ఒక్కో ఆడపురుగు 260 దాకా గుడ్లు పెట్టగలదు. జనవరిలో ‘ఏదో రెండాకులే కదా’ అనిపించిన చేను మార్చిలో ఎందుకు ఒక్కసారిగా మాడుతుందో 33, 23 అనే ఆ రెండు రోజుల లెక్కలు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది. పురుగు కొత్తగా వచ్చి పడలేదు, తరం చిన్నదైంది, అంతే.

ఈ కూడిక ఏప్రిల్ చివర, మే నెలలో కుదరదు. పగలు 40 దాటాక గుడ్లు సరిగా పొదగవు, చిన్న పురుగులు ఆకులోనే చస్తాయి. అలాగని పూర్తిగా పోతుందనుకోవద్దు. గుబురు చెట్టు అడుగున, డ్రిప్పు తడి పక్కన, షేడ్‌నెట్ కింద వేడి అంత ఉండదు. అక్కడ మిగిలిన కొద్దిపాటి పురుగులే తర్వాతి పంటకు విత్తనం. వానకాలంలో జోరు వానలు పడితే తగ్గినట్టు కనిపిస్తుంది, వానలు వెనక్కి పోగానే మళ్లీ మొదలవుతుంది.

ఆ 23 రోజుల్లో పురుగు మన చేతికి దొరికే ఘడియలు చాలా తక్కువ. గుడ్డు 0.4 మిల్లీమీటరు కూడా ఉండదు, మీగడ రంగులో, ఎక్కువగా ఆకు అడుగున ఒక్కొక్కటిగా పెడుతుంది. పది రెట్ల భూతద్దం లేకపోతే కనపడదు. గుడ్డులోంచి వచ్చిన పురుగు మిల్లీమీటరు కూడా ఉండదు. అది ఆకు మీద ఎక్కువలో ఎక్కువ అరగంట, ముప్పావు గంట తిరిగి, చోటు చూసుకొని లోపలికి దూరుతుంది. దానికి మందు నేరుగా తగిలే మొదటి సందు ఇదే. తర్వాత తిండి అయిపోయినా, లోపల వేడెక్కినా, పాత మచ్చ వదిలి బయటికొచ్చి ఇంకో చోట దూరుతుంది. అది రెండో సందు. నాలుగు దశలు దాటి 7, 8 మిల్లీమీటర్లకు పెరిగేసరికి లేత ఆకుపచ్చ ఒంటి మీద గులాబీ ఛాయ వస్తుంది. తల వెనక సన్నటి నల్లగీత నెలవంకలా కనిపిస్తుంది. గులాబీ ఛాయ వచ్చిందంటే తినడం అయిపోవచ్చిందని గుర్తు. ఆ దశలో మందు కొడితే మనసుకు తృప్తి తప్ప పంటకు లాభం లేదు. అది ఒకటి రెండు రోజుల్లో దారం జార్చుకుంటూ మట్టిలోకి దిగిపోతుంది.

మరి గుడ్లు ఎప్పుడు పొదుగుతాయో కంటికి కనపడకుండా ఎలా తెలుస్తుంది? లింగాకర్షక బుట్టల వల్ల తెలుస్తుంది. అందులో పెట్టే టూటా ల్యూర్ మగపురుగును పిలిచే ఆడపురుగు వాసన. ఖరీదైన బుట్ట అక్కర్లేదు. అడుగున్నర వెడల్పు ప్లాస్టిక్ బేసిన్ చాలు. 5, 6 లీటర్ల నీళ్లు పోసి, చెంచాడు వంటనూనె గానీ, కాస్త సబ్బుపొడి గానీ కలపాలి. నీళ్లకు రెండు వేళ్ల ఎత్తులో బైండింగు తీగకు ల్యూర్ వేలాడదీయాలి. బేసిన్‌ను నేల మీద గానీ, రెండు ఇటుకల మీద గానీ పెట్టాలి, శనగపచ్చ పురుగు బుట్టలాగా కర్రకు ఎత్తుగా కడితే సగం కూడా పడవు. టూటా మగవి మొక్క కింది భాగంలోనే ఎక్కువ తిరుగుతాయి. నిఘాకైతే ఒక్క ఎకరం చేనుకు 2, నాలుగెకరాల చేనైతే గెట్ల వెంబడి, నడిమధ్యన కలిపి 5, 6 చాలు. మగవాటిని పట్టి తగ్గించాలనుకుంటే మాత్రం రెండు గుంటలకు ఒకటి చొప్పున ఎకరానికి 20 పెట్టాలి. అదీ నాటిన రోజే పెట్టాలి, ఆకులు మాడాక కాదు.

ఇక్కడ జరిగే పొరపాట్లు చిన్నవే, నష్టం మాత్రం పెద్దది. ఎండలకు బేసిన్‌లో నీళ్లు రెండు రోజుల్లో ఇంకిపోతాయి. ఎండిన బేసిన్ పురుగును పిలుస్తుందే గానీ పట్టదు, చేనుకు చుట్టుపక్కల మగవాటిని చేర్చి పెడుతుంది. ల్యూర్ నీళ్లలో పడితే వాసన రాదు. శనగపచ్చ పురుగు ల్యూర్ పట్టుకున్న చేత్తోనే దీన్ని పట్టుకుంటే వాసనలు కలుస్తాయి, అందుకే కొత్త ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కొని పెట్టాలి. రెండు రకాల ల్యూర్లు ఒకే బుట్టలో పెట్టకూడదు. వాడేసిన ల్యూర్, దాని కవరు చేన్లో పారేయకూడదు, అవి ఇంకా కొంత వాసన వదులుతూనే ఉంటాయి. ల్యూర్ చలికాలంలో 6 వారాల దాకా పనిచేస్తుంది, మార్చి తర్వాత 4 వారాలకే మార్చాలి. మిగిలినవి ఫ్రిజ్‌లో మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచాలి. పసుపు జిగురు అట్టలు తెల్లదోమ కోసం పెట్టేవి. వాటికి టూటా పడలేదు కాబట్టి చేన్లో టూటా లేదనుకోవడం పెద్ద పొరపాటు.

లెక్క ప్రతి రెండు రోజులకు రాయాలి. వారానికి బుట్టకు 3 లోపు పడితే కంగారు లేదు, 30 దాటితే తీవ్రంగా ఉందని అర్థం. కానీ వీటికంటే ముఖ్యం, సంఖ్య ఏ రోజు ఎగబాకిందన్నది. సోమవారం దాకా రెండు మూడు పడుతున్న బుట్టలో బుధవారం పద్దెనిమిది పడ్డాయంటే కొత్త తరం లేచిందని అర్థం. అప్పటి నుంచి గుడ్డు రోజులు లెక్క కట్టాలి. మార్చిలో అయితే 5 రోజులు. అంటే ఎగబాకిన రోజు నుంచి 5వ, 6వ రోజు సాయంత్రం మొదటి మందు, దానికి 7 నుంచి 10 రోజులకు రెండోది. బుట్టలో పడిన రోజే పరుగెత్తి కొడితే ఆకు మీద గుడ్లు తప్ప పురుగులు ఉండవు. పదిహేను రోజులు ఆగితే అవి ఆకు లోపల లావెక్కి ఉంటాయి.

ఎకరానికి 20 బుట్టలు పెట్టినా వాటినొక్కటే నమ్ముకోవడం మంచిది కాదని కూడా చెప్పాలి. ఒక్క మగపురుగు ఎన్నో ఆడవాటితో జత కడుతుంది, అందుకే సగం మగవాటిని పట్టినా మిగిలిన సగం పని నడిపించేస్తాయి. పైగా కొన్ని ఆడవి జత కట్టకుండానే గుడ్లు పెట్టి పిల్లలను కనగలవని 2012లో ప్రయోగశాలలో తేలింది. బుట్ట పురుగును తగ్గిస్తుంది, ఎప్పుడు ఏం చేయాలో చెబుతుంది. పురుగును పూర్తిగా ఆపడం దాని వల్ల కాదు.

మందుల దగ్గర అందరూ అడిగేది పేరు. అడగాల్సింది గ్రూపు నంబరు, అంటే ఆ మందు పురుగు ఒంట్లో ఎలా పనిచేస్తుందో చెప్పే అంకె. క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సీ లీటరుకు 0.3 మిల్లీలీటర్లు, అంటే 16 లీటర్ల పంపుకు 5 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీళ్లతో ఎకరానికి 60 మిల్లీలీటర్లు. బాగా పనిచేస్తుంది. అది పనిచేసిందని తర్వాత సయాంట్రానిలిప్రోల్, దాని తర్వాత ఫ్లూబెండియమైడ్ కొడతారు. డబ్బాలు మూడు, కంపెనీలు మూడు, కానీ మూడూ 28వ గ్రూపే, పురుగు ఒంట్లో తగిలే చోటు ఒక్కటే. మూడుసార్లు మందు మార్చామనుకుంటాం, నిజానికి ఒకే మందు మూడుసార్లు కొట్టినట్టు. ఆ గ్రూపును తట్టుకునే టూటాలు ఇటలీ, గ్రీసు తోటల్లో 2015 నాటికే బయటపడ్డాయి. స్పైనోసాడ్‌ను, ఇండాక్సాకార్బ్‌ను తట్టుకునేవి కూడా బ్రెజిల్‌లో, యూరప్‌లో దొరికాయి. సింథటిక్ పైరిత్రాయిడ్లకైతే ఇది ఎప్పుడో అలవాటు పడింది, అవి కొడితే చచ్చేది మేలు చేసే నల్లులే.

మందు మార్చడం కూడా రోజుల లెక్కతోనే. ఒక తరం నడిచే 25, 30 రోజుల్లో ఒక గ్రూపు మందు, గరిష్ఠంగా రెండుసార్లు. తర్వాతి తరానికి వేరే గ్రూపు. ఉదాహరణకు మొదటి నెల 28వ గ్రూపు, రెండో నెల 5వ గ్రూపు స్పైనెటోరం, మూడో నెల 22వ గ్రూపు ఇండాక్సాకార్బ్ 14.5 ఎస్‌సీ లీటరుకు 1 మిల్లీలీటరు. అప్పుడు మందును తట్టుకున్న తల్లిదండ్రుల పిల్లల మీద మళ్లీ అదే మందు పడదు. ప్రతి స్ప్రేకి మూడు నాలుగు మందులు కలిపి కొట్టడం దీనికి సరిగ్గా వ్యతిరేకం. అన్నిటికీ ఒకేసారి అలవాటు పడే అవకాశం మనమే ఇచ్చినట్టు. తెంపడానికి ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద ఉంటుంది. టమాట మూడు నాలుగు రోజులకోసారి తెంపే పంట కాబట్టి, ఆ అంకె చూసుకున్నాకే మందు కొనాలి. తెంపిన సాయంత్రమే కొడితే ఇబ్బంది తక్కువ.

కొట్టే తీరు మందు కంటే ముఖ్యం. గుడ్లు ఎక్కువగా ఆకు అడుగున ఉంటాయి, పంపు గొట్టం నిలబడి పైనుంచి ఊపితే అడుగుకు ఏమీ పోదు. కోన్ నాజిల్‌ను పైకి తిప్పి, చెట్టు మోకాలి ఎత్తు నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. వేళ సాయంత్రం 5 తర్వాత. ఇంకొక్క విషయం నీళ్లది. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు చాలావరకు క్షారపు నీళ్లు. ఇండాక్సాకార్బ్, వేప మందులోని అజాడిరాక్టిన్ క్షారంలో త్వరగా విరిగిపోతాయి. పొద్దున డ్రమ్ములో కలిపి, కరెంటు పోయిందనో, కైకిలి వాళ్లు రాలేదనో మరునాడు కొడితే ఆ డ్రమ్ములో ఉన్నది మందు వాసన వచ్చే నీళ్లే. పీహెచ్ కాగితం ముంచి చూడండి, 7.5 దాటితే నిమ్మ ఉప్పు కొద్దికొద్దిగా వేసి 6, 6.5కి తెచ్చాక మందు కలపండి, కలిపిన గంటలో కొట్టేయండి. బీటీ అనే బ్యాక్టీరియా పొడి లీటరుకు 2 గ్రాములు కూడా చిన్న పురుగుల మీద బాగా పనిచేస్తుంది. అది ఎండకు పాడవుతుంది కాబట్టి సాయంత్రమే కొట్టాలి.

నారు దగ్గర చేసే జాగ్రత్తకు ఖర్చు చాలా తక్కువ, ఫలితం చాలా ఎక్కువ. 25 రోజుల నారులో ట్రేకి రెండు మచ్చలున్నా చాలు, ఎకరానికి సరిపడా పురుగును మన డబ్బులతో మనమే కొని తెచ్చుకున్నట్టు. నర్సరీలో 40 మెష్ నైలాన్ వల, రెండు తలుపులు ఉన్నాయో లేదో చూసుకోండి. రెండు తలుపులూ ఒకేసారి తెరిచి ట్రేలు మోస్తుంటే ఆ వల ఉన్నా లేనట్టే. తీసుకునే ముందు పది ట్రేలు వంచి, అడుగు ఆకులు ఎండకేసి చూడండి. మార్కెట్ నుంచి తిరిగొచ్చే బాక్సులది కూడా ఇదే సంగతి. ఎక్కడెక్కడి టమాటో నింపిన బాక్సులు మారి మన చేనుకు వస్తాయి, వాటి మూలల్లో కోశాలు అంటుకొని ఉంటాయి. సబ్బు నీళ్లతో కడిగి, చేనుకు దూరంగా ఎండబెట్టాకే లోపలికి తేవాలి.

మేలు చేసే పురుగుల్లో ఒకదాని గురించి తప్పక చెప్పాలి. నెసిడియోకోరిస్ టెన్యుయిస్ అనే సన్నటి ఆకుపచ్చ నల్లి మన టమాటల మీద ముందునుంచే ఉంది. టూటా గుడ్లను, చిన్న పురుగులను మూతి గుచ్చి పీల్చేస్తుంది. తిండి దొరకనప్పుడు టమాట లేత కాడ చుట్టూ గోధుమ రంగు ఉంగరాలు పెడుతుంది, అది చూసి జనం దాన్ని చంపడానికి మందు కొడతారు. దీనికి నువ్వు చెట్టంటే చాలా ఇష్టం. టమాట నాటడానికి మూడు నాలుగు వారాల ముందే గెట్టు వెంబడి రెండు సాళ్లు నువ్వులు చల్లితే ఈ నల్లి అక్కడ స్థిరపడి, తర్వాత టమాటలోకి వస్తుంది, టమాటను కుట్టే బదులు నువ్వును కుడుతుంది. ఆ రెండు సాళ్ల మీద మందు పడకుండా చూసుకోవాలి. పురుగు గుడ్లలో పెరిగే చిన్న కందిరీగలుండే ట్రైకోగ్రామా కార్డులు కూడా గుడ్ల మీద పనిచేస్తాయి. కాకపోతే ఎండలు 35 దాటాక వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. చీమలు కార్డు తినేయకుండా కట్టిన దారానికి గ్రీజు రాయాలి. మందు కొట్టి వారం కాకుండా కార్డు కడితే ఆ డబ్బులు పోయినట్టే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది చివరి తెంపు తర్వాతి నెల. మార్చి, ఏప్రిల్లో ధర పడిపోయి తెంపుడు కూలీ కూడా రానప్పుడు చేనును అలాగే వదిలేస్తారు. ఆ బాధ ఎవరికైనా అర్థమవుతుంది. కానీ నీళ్లు ఆగిన ఆ చేన్లో చెట్లు ఇంకో పదిహేను, ఇరవై రోజులు పచ్చగానే ఉంటాయి, మందు కొట్టేవాళ్లుండరు, ప్రతి చెట్టు మీదా పురుగే. ఒక్క వదిలేసిన ఎకరం చుట్టూ ఉన్న చేన్లన్నిటికీ రెక్కల పురుగును పంపుతుంది. గొర్లను తోలితే ఆకు తింటాయి, మంచిదే. అయితే ఆఖరి మందు కొట్టి డబ్బా మీద రాసిన గడువు దాటాకే తోలాలి. గొర్లు పోయాక కూడా మోళ్లు, రాలిన కాయలు, మట్టిలో కోశాలు మిగులుతాయి. మోళ్లు పీకి గెట్టు మీద కుప్పేస్తే ఎండేలోపు పురుగులన్నీ కోశాలై రెక్కలు తెచ్చుకుంటాయి. పీకిన రోజే రెండడుగుల లోతు గుంత తీసి పూడ్చాలి, లేదా నల్ల పాలిథీన్ సంచుల్లో నింపి, మూతి కట్టి, రెండు వారాలు ఎండలో పెట్టాలి. బుట్టలు మాత్రం పంటతో పాటు తీసేయకూడదు, ఖాళీ చేన్లో ఇంకో నెల ఉంచితే మట్టిలోంచి లేచేవి అందులో పడతాయి.

తర్వాత చేను 6 వారాలు టమాట, వంకాయ, ఆలుగడ్డ లేకుండా ఉండాలి. 6 వారాలు ఎందుకంటే, మళ్లీ ఆ లెక్కే. చలి రోజుల్లో పూర్తి తరానికి 33 రోజులు, బయటికొచ్చిన ఆడపురుగు ఆయుష్షు 10 నుంచి 15 రోజులు, రెండూ కలిపితే అటూ ఇటూగా 6, 7 వారాలు. వేసవిలో తరం చిన్నది కాబట్టి 6 వారాలు సరిపోతాయి, డిసెంబరు, జనవరిలో ఇంకో వారం కలుపుకోండి. ఆ మధ్యలో జొన్న, మొక్కజొన్న, ఆముదం, కంది, పల్లి ఏది వేసినా దీనికి తిండి కాదు. పాలమూరు చెలకల్లో ఇవన్నీ అలవాటైన పంటలే. మిరపను కూడా పెద్దగా ముట్టదు. గెట్ల మీది కామంచి, ఉమ్మెత్త మాత్రం పీకాలి. పొలం 6 వారాలు ఖాళీగా ఉన్నా కామంచి పొద పచ్చగా ఉంటే లెక్క అక్కడే తప్పుతుంది. పీకే ముందు ఒక్కసారి దాని ఆకు తెంపి ఎండకేసి చూడండి, టమాట ఆకులో ఉన్న మచ్చే అక్కడా కనిపిస్తుంది.